వెనక గది ఇరవై రోజుల్లో ఖాళీ

మార్చి 14, 2009. శనివారం. ఉదయం 6.10

నిర్ణయం తీసుకున్నాను. వెనక గదిని ఇరవై రోజుల్లో ఖాళీ చేస్తాను!

కారణం రాసి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత నాకే గుర్తుండదు. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గోరి వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని చరిత్ర పుస్తకం చదువుతోంది. కుక్కర్ కూత వేసినప్పుడల్లా లేస్తోంది, మళ్లీ కూర్చుంటోంది, ఎక్కడ ఆపిందో వెతుక్కుంటోంది. పొద్దంతా అంగన్‌వాడీలో పిల్లల మధ్య గొంతు చించుకుని వచ్చే నా భార్యకు ఈ ఇంట్లో చదువుకోవడానికి దొరికిన చోటు అది. దూరవిద్య డిగ్రీ, చివరి సంవత్సరం. పోయినేడు చరిత్ర పేపరు నాలుగు మార్కులతో తప్పింది. డిగ్రీ చేతికొస్తే సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈసారి కూడా తప్పితే ఇక పుస్తకాలు ముట్టనంది. పరీక్షలు మే నాలుగు నుంచి.

"నాకు చీర వద్దు, బంగారం వద్దు. తలుపేసుకొని చదువుకునేటందుకు ఒక గది ఇయ్యి" అంది.

బూర్గంపాడులో మాది కిరాయి ఇల్లు. చిన్న వరండా, ముందు గది, వెనక గది, వంటిల్లు. ముందు గదిలో మేమిద్దరం, టీవీ, నా పడక కుర్చీ. వెనక గదిలో సామాను. దాని తలుపు సగమే తెరుచుకుంటుంది. లోపలికి పోవాలంటే పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని పోవాలి. గోరికి ఇబ్బంది లేదు. నాకే.

పాత సామాను వాడికి ఇచ్చెయ్యమంది. పన్నెండేళ్లుగా మండలాఫీసులో పనిచేస్తున్నాను, కిలోల లెక్కన నా సంసారాన్ని తూకం వేయించుకుంటానా? ఇప్పుడు అన్నీ కంప్యూటర్లో అమ్ముతున్నారు. ఫోటో పెడితే చాలు, కొనేవాడే వెతుక్కుంటూ వస్తాడు.

అమ్మవలసినవి:
నల్లమద్ది డబల్ మంచం, పరుపుతో సహా.
స్టీలు బిందెలు, పదకొండు.
గోడ గడియారాలు, నాలుగు.
బ్లాక్ అండ్ వైట్ టీవీ (బొమ్మ రాదు, మాట వస్తుంది).
గ్రైండరు (రాయి లేదు).
ఇంకా లోపల ఏమున్నాయో తెలియదు. అక్కడిదాకా పోలేకపోయాను.

గడువు శ్రీరామనవమి, ఏప్రిల్ మూడు. గోరి క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టింది.

మార్చి 15. ఆదివారం

ఉదయం ఫోటోల కార్యక్రమం. నా కొత్త కెమెరా ఫోన్ ఇన్నాళ్లకు పనికొచ్చింది. ప్రతి వస్తువునూ తడిబట్టతో తుడిచి, మెరిసే వైపు ఇటు తిప్పి తీశాను. బిందెలు వరసగా నిలబెడితే పెళ్లి ఫోటోలా వచ్చింది!

11.00. బ్రిడ్జి దాటి భద్రాచలం. సంతోష్ నెట్ సెంటర్. గంటకు ఇరవై రూపాయలు. ఒక్కో ఫోటో ఎక్కడానికి పావుగంట. ఆరోది ముప్పాతిక ఎక్కాక కరెంటు పోయింది.

12.40. కరెంటు వచ్చింది. మళ్లీ మొదటి నుంచి.

ప్రకటన నేనే రాశాను. "విషయము: గృహోపకరణముల అమ్మకము గురించి" అని మొదలుపెట్టి "తమ విధేయుడు" అని ముగించాను. నెట్ సెంటర్ నడిపే సంతోష్ చదివి, ఇది చూస్తే కొనేవాళ్లు రసీదు నంబరు అడుగుతారని ఆ రెండూ తీసేశాడు.

సైటులో ఊరు ఎంచుకోవాలట. ఖమ్మం లేదు. వరంగల్లు కూడా లేదు. హైదరాబాదు ఉంది. ఎంచుకున్నాను. ఎలా చూసినా మన మండలం రాజధాని కిందికే వస్తుంది కదా. అయినా నిజాయితీగా ఉండాలని చివర్న ఒక ముక్క కలిపాను: "భద్రాచలం రాములవారి గుడికి అరగంట దూరం, ఆటో సౌకర్యం కలదు."

పని అయిపోయింది. ఇంత సులువు పనికి జనం ఇన్నేళ్లు ఎందుకు బాధపడ్డారో!

మార్చి 16. సోమవారం

ఫోన్లు: లేవు.

ఫోన్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఆఫీసు ఫోన్ నుంచి నాకు నేనే చేసుకున్నాను. పనిచేస్తోంది.

మార్చి 17. మంగళవారం

9.20. మొదటి ఫోన్!! మంచం కావాలట. దిల్‌సుఖ్‌నగర్ నుంచి. సాయంత్రం బండేసుకుని వస్తానన్నాడు. బూర్గంపాడు అని చెప్పాను. ఉప్పల్ దాటాక ఎన్నో స్టాప్ అని అడిగాడు. మూడు వందల కిలోమీటర్లు దాటాక అన్నాను. పెట్టేశాడు.

9.45. గ్రైండరు. అదే కథ.

11.10. బిందెలు. ఈయన చివరిదాకా విని, హైదరాబాదు అని ఎందుకు పెట్టావని నన్ను ఎడాపెడా తిట్టాడు. రాష్ట్ర పరిపాలన వ్యవస్థ వివరించబోయాను. వినలేదు.

సాయంత్రానికి తొమ్మిది ఫోన్లు. అమ్మకం సున్నా. కానీ తొమ్మిది మంది అడిగారంటే సరుకులో దమ్ముందన్నమాట. గోరికి అదే చెప్పాను. ఆమె బియ్యం డబ్బా మీంచి లేవకుండానే తలూపింది.

మార్చి 20. శుక్రవారం

ఘోరం జరిగింది.

మా వైపు పెళ్లికి ఏది ఇచ్చినా ఇచ్చినవాళ్ల పేరు కొట్టించి ఇస్తారు. బిందె మీద చెక్కిస్తారు, గడియారం మీద రంగుతో రాయిస్తారు. మా పెళ్లికి వచ్చిన బిందెలూ గడియారాలూ అన్నీ అలాంటివే. ఫోటో బాగా రావాలని నేను మెరిసే వైపు తిప్పానా, పేర్లు ఉన్నది ఆ వైపే! నేను చూడలేదు. తొమ్మిదేళ్లు ఒక ఇంట్లో ఉంటే ఎవరి పేరైనా కనపడడం మానేస్తుంది.

చూసినవాడు ఒకడున్నాడు. మా సూపరింటెండెంట్ బొజ్జయ్య సారు. నా ప్రకటన ముద్దుగా ఉందని సంతోష్ దాన్ని రంగుల్లో ప్రింటు తీసి నెట్ సెంటర్ గోడకు అంటించాడు. సారు తన పని మీద అక్కడికి పోయి, తన గడియారాన్నీ, దాని మీద "బొజ్జయ్య, సుశీలమ్మ దంపతులు" అన్న తన పేరునూ, దాని కింద నేను పెట్టిన నూట యాభై రూపాయల ధరనూ నిలబడి చదువుకున్నాడు.

ఆఫీసులో నా టేబుల్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "గడియారం మంచిగ నడుస్తదని రాసినవ్. సంతోషం. ఎల్లుండి ఆదివారం నేనూ, మా ఇంటామె మీ ఇంటికి వస్తం."

నా ఇంక్రిమెంటు ఫైలు ఆయన దగ్గరే ఉంది.

సాయంత్రం 5.30. భద్రాచలం ఉరికాను. పేర్లున్న సామాను మొత్తం సైటులోంచి తీయించేశాను. బిందెలు పదకొండు, గడియారాలు నాలుగు. గోడమీది ప్రింటు నా చేత్తో చింపాను.

మార్చి 22. ఆదివారం

గడియారం ముందు గదిలో, టీవీకి పైన, నట్టనడుమ వేలాడదీశాను. సారు వచ్చి చూశాడు, టైము తన చేతి గడియారంతో సరిచూసుకున్నాడు. సుశీలమ్మ గారు గోరి చదువు సంగతి విని చాలా సంతోషించారు. చేతులూపుకుంటూ రావడం ఇష్టం లేక ఒక స్టీలు బిందె తెచ్చారు. పేరు చెక్కి ఉంది.

బిందెలు: పన్నెండు.

మార్చి 24. మంగళవారం

గోరి అన్న బిచ్యా బావ ఏన్కూరు దగ్గర తండా నుంచి ట్రాలీ ఆటోలో దిగాడు. ఆటో నిండా సామాను. నేను కంప్యూటర్లో వస్తువులు అమ్ముతున్నానని తండా అంతా చెప్పుకుంటున్నారట. అందుకని తనవీ తెచ్చాడు: కాలిపోయిన బోరు మోటారు, పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు రెండు, మూడు కాళ్ల బెంచీ, టైర్లు నాలుగు. హైదరాబాదు వాళ్లకు టైర్లు ఎందుకు అంటే, వాళ్ల అవసరాలు మనకెట్ల తెలుస్తయి బావా అన్నాడు.

వద్దని ఎలా అనగలను? మా పెళ్లినాడు మా ఇంటివాళ్లకు ఎదురుకోలు చేసి, మూడు రోజులు నిద్రలేకుండా తిరిగిన మనిషి. కోడిని కోయించాను. తిని, ధరలు నా ఇష్టానికే వదిలేసి, చీకటి పడకముందే వెళ్లిపోయాడు.

వెనక గది తలుపు ఇప్పుడు పావు వంతే తెరుచుకుంటోంది. గోరికి కూడా కష్టమే.

మార్చి 27. శుక్రవారం. ఉగాది

పండగపూట అమ్మకాలు పెట్టుకోవద్దనుకున్నాను. కొనేవాళ్లు కూడా అలాగే అనుకున్నారు.

మార్చి 28. శనివారం

పురోగతి లేకపోవడానికి కారణాలు:
ఒకటి, ఎలక్షన్ పనులు. ఆఫీసులో ఊపిరాడడం లేదు.
రెండు, కరెంటు కోత.
మూడు, ఎండలు. ఈ ఎండలో ఎవరు మంచం కొంటారు?
నాలుగు, అసలు ఆ మంచం నాకు ఇష్టం. నిజం చెప్పాలంటే అమ్మడానికి మనసు ఒప్పడం లేదు.

నాలుగోది గోరికి చెప్పలేదు. ఆమె ఇప్పుడు అంగన్‌వాడీలోనే ఆరింటిదాకా ఉండి చదువుకుంటోంది. పిల్లల కుర్చీలో కూర్చుంటే నడుము పట్టేస్తోందట. రాత్రి జండూబామ్ రాశాను. నాకు బాగా సిగ్గేసింది. రేపు ఏదో ఒకటి తప్పకుండా అమ్ముతాను.

మార్చి 29. ఆదివారం

క్రికెట్ ఉంది.

మార్చి 30. సోమవారం

7.50. దొరికాడు!! పేరు కుమారస్వామి. ఉప్పల్‌లో ఉంటాడు. మంచం కావాలి. బూర్గంపాడు అని చెప్పినా ఫోన్ పెట్టెయ్యలేదు, పైగా సంతోషించాడు. గుడి ఎంత దూరం, నీళ్లు బాగా వస్తాయా, మంచం ఉన్న గదిలో ఫ్యాన్ ఉందా అని అడిగాడు. అన్నీ ఉన్నాయన్నాను. కళ్లతో చూడనిదే ఏ వస్తువూ కొనడట. బుధవారం పొద్దున వస్తాడు.

వచ్చేవాడు ఇంత జాగ్రత్తపరుడంటే ఖచ్చితంగా కొంటాడు. గోరికి చెప్పాను. నవమికి వస్తున్నాడా అని మాత్రం అడిగింది. మంచానికి వస్తున్నాడని వివరంగా చెప్పాను.

ఏప్రిల్ 1. బుధవారం

6.40. కుమారస్వామి వచ్చాడు. భార్య భవాని వచ్చింది. తల్లి, ఇద్దరు పిల్లలు, బావమరిది, బావమరిది భార్య వచ్చారు. మొత్తం ఏడుగురు. తొమ్మిది బ్యాగులు, ఒక చాప, ఒక గ్యాస్ స్టవ్.

ఒక మంచం చూడడానికి ఏడుగురు ఎందుకని అడుగుదామనుకునే లోపే ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, నాయనా, భద్రాచలంలో ఒక్క గది దొరకలేదు, రాములోరే నిన్ను చూపించిండు అంది. ఎలా పొమ్మంటాం?

8.00. మంచం చూడాలంటే లోపలికి పోవాలి కదా. అందరం చేయి వేశాం. కుమారస్వామి బావమరిది బోరు మోటారును ఒక్కడే ఎత్తాడు. బిందెలు, టైర్లు, స్ప్రేయర్లు, గ్రైండరు, టీవీ, అన్నీ ముందు గదిలోకి. భవాని గారు ఊడ్చి, కడిగి, ముగ్గు కూడా వేశారు.

9.00. వెనక గది ఖాళీ. మంచం, ఫ్యాన్, కిటికీ. అక్కడ కిటికీ ఉందన్న సంగతి నేను మర్చిపోయాను.

కుమారస్వామి మంచం మీద పడుకుని చూశాడు. ఒక పూట పడుకుంటే గానీ మంచం సంగతి తేలదన్నాడు.

సాయంత్రం గోరి వచ్చింది. ఆ గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. తర్వాత ఏడుగురికి టీ పెట్టింది. మేమిద్దరం వరండాలో పడుకోవాలి.

ఏప్రిల్ 2. గురువారం

ఇది నా తప్పే. రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.

పొద్దున వంటింట్లో గోరి పూరీలు వత్తుతూ, పక్కనే భవాని గారు ఉండగా, నవ్వుముఖం పెట్టుకుని నాతో మా లంబాడీ మాటలో అంది: రేపు సాయంత్రం రాములోరి పెళ్లి తంతు అయ్యాక వీళ్ల మూటలు నేనే బస్సు మీదికి విసురుతా, ఆ మూటల్లో నువ్వు కూడా ఉంటావ్.

భవాని గారు ముచ్చటపడి, వదిన ఏమంటున్నదన్నా అని నన్ను అడిగారు. ఏమని చెప్పను? నోటికొచ్చింది చెప్పేశాను: "కల్యాణం చూసి పోతే ఎట్ల, ఎల్లుండి పట్టాభిషేకం గూడ చూసి పొమ్మంటున్నది."

భవాని గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోరిని కావలించుకున్నారు. పరుగెత్తి వాళ్లాయనకు చెప్పారు. ఉండిపోవడానికి నిశ్చయమైపోయింది. గోరికి తెలుగు నాకంటే బాగా వచ్చు. పూరీల కర్ర చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు గురించి రాయను.

11.30. వాళ్లు గోదావరి స్నానానికి పోయారు. అప్పుడు గోరి మాట్లాడింది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఎవరో తెల్వనోళ్లు వస్తే ఒక్క గంటల ఖాళీ అయింది. నేను అడిగి ఇరవై రోజులాయె. నీకు అమ్మకం కాదు కష్టం, నేను చదువుతనంటే నీకు నమ్మకం లేదు."

లేదు గోరీ, ఉంది అన్నాను. పుస్తకం తీసుకుని ఎండలోనే అంగన్‌వాడీకి పోయింది. ఇవాళ సెలవు పెట్టింది, అయినా పోయింది. నేను టైరు మీద కూర్చుని ఆలోచించాను. నమ్మకం ఉంది. కానీ ఉన్నట్టు చూపించే పని ఒక్కటీ చెయ్యలేదు. ఇది మాత్రం నిజం.

ఏప్రిల్ 3. శుక్రవారం. శ్రీరామనవమి

క్యాలెండర్‌లో సున్నా చుట్టిన రోజు.

నాకు తలంబ్రాల పొట్లాలు పంచే దగ్గర డ్యూటీ. ఇంటికి వచ్చేసరికి మూడయింది. వాళ్లు ఇంకా గుడి దగ్గరే ఉన్నారు. వెనక గదికి తాళం వేసి ఉంది. తాళం కుమారస్వామిది. గోరి ఆ తాళం కిందనే నేలమీద కూర్చుని, గోడకు వీపు ఆనించి చదువుకుంటోంది. తలంబ్రాలు ఇస్తే తీసుకుని కళ్లకద్దుకుని పుస్తకంలో పెట్టుకుంది.

ఏప్రిల్ 4. శనివారం

పట్టాభిషేకం. వాళ్లు ఆనందంగా ఉన్నారు.

మంచం ధర మాట ఎత్తాను. పొద్దున్నే లెక్కలెందుకన్నా అన్నాడు. సాయంత్రం ఎత్తాను. దేవుడి పని మీద వచ్చి బేరాలెందుకన్నాడు.

ఏప్రిల్ 5. ఆదివారం

6.00. ప్రయాణం. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి సూటిగా అడిగాను, మంచం సంగతి ఏందని. నాలుగు రాత్రులు దాని మీద గురక పెట్టిన మనిషి చాలా బాధగా ముఖం పెట్టాడు. "మంచం ఫస్టుక్లాసు ఉన్నదన్నా. గని మా ఇంట్ల పట్టదు. గది కొలుచుకొని మళ్ల నవమికి వస్తం."

భవాని గారు గోరికి బొట్టుపెట్టి జాకెట్ ముక్క ఇచ్చారు. ముసలావిడ నా తలమీద చెయ్యి పెట్టి దీవించింది. తొమ్మిది బ్యాగుల్లో నాలుగు నేనే మోసి బస్టాండులో దిగబెట్టాను.

7.15. ఇంటికి వచ్చాను. వెనక గది తలుపు మూసి ఉంది. లోపల గడియ. కిటికీలోంచి చూస్తే మంచం మీద పుస్తకాలన్నీ పరిచి ఉన్నాయి, గోరి వాటి మధ్యలో మఠం వేసుకుని కూర్చుంది. తలుపు కొట్టాను.

"ఇక నుంచి ఈ గదికి ప్రకటన వద్దు" అని లోపలి నుంచి వినిపించింది. "అన్నం కుక్కర్ల ఉంది. కూత వస్తే నువ్వే దింపు."

ఏప్రిల్ 6. సోమవారం

గోరి బయటికి వినపడేలా చదువుతోంది. సంవత్సరాలు, యుద్ధాలు, సంధులు. ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆమె గంటసేపు ఆగకుండా చదవడం నేనెప్పుడూ వినలేదు.

కూత వచ్చింది. దింపాను. మాడింది. గోరి అదే తింది.

ముందు గది పరిస్థితి: బిందెలు పన్నెండు, గడియారాలు మూడు నేలమీద, బోరు మోటారు, టైర్లు, స్ప్రేయర్లు, బెంచీ, గ్రైండరు, మాట మాత్రం వచ్చే టీవీ. నా టీవీ బిందెల వెనక ఉంది. స్కోరు వినపడుతుంది, కనపడదు. రాత్రి రెండు టైర్ల మధ్య పడుకున్నాను.

ఏప్రిల్ 7. మంగళవారం. ఉదయం 5.45

కొత్త నిర్ణయం. ముందు గదిని ఇరవై రోజుల్లో ఖాళీ చేస్తాను!

ఈసారి పద్ధతిగా. ఫోటోల్లో ఎవరి పేరూ పడదు. గుడి మాట రాయను. బావ ఫోన్ చేస్తే క్యాంపులో ఉన్నానని చెబుతాను. మంచం అమ్మకానికి లేదు. నిన్న రాత్రి కూకట్‌పల్లి నుంచి ఎవరో అడిగారు, అయిపోయిందని చెప్పేశాను. ఎంతకు పోయిందని అడిగితే ఫోన్ పెట్టేశాను.

గడువు ఏప్రిల్ ఇరవై ఏడు. ఎందుకంటే మే నాలుగు పొద్దున ఆమె హాల్‌టికెట్ పట్టుకుని వెనక గదిలోంచి బయలుదేరి, ఈ గది దాటి వీధిలోకి పోవాలి. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి పోకూడదు. తిన్నగా నడిచి పోవాలి. వేరే ఏదీ అమ్ముడుపోకపోయినా సరే, ఆ మూడు అడుగుల దారి మాత్రం కావాలి.

కాబట్టి ముందు దారికి అడ్డం ఉన్నవి అమ్మాలి. ఇప్పుడే లేచి టేపుతో కొలిచాను. మోటారు కాదు, టైర్లు కాదు. తలుపుకు సరిగ్గా ఎదురుగా, కాళ్లు చాపుకుని టీవీ చూడడానికి నేను వేసుకున్న పడక కుర్చీ ఉంది.

6.20. ఫోటో తీశాను.